మారేడుమిల్లిలో కాటేజీలు: ప్లాను గీసే ముందు భూమిని చదవడం

మీరు అడిగినవి రెండు. భీమవరం క్లయింటు ఒకరు మారేడుమిల్లి దగ్గర రెండెకరాల్లో ఎనిమిది కాటేజీలు వెయ్యమంటున్నారు. పట్టా ఓ కొండరెడ్డి రైతు పేరు మీద ఉంది, క్లయింటు చేతిలో నోటరీ చేయించిన 33 ఏళ్ల లీజు అగ్రిమెంటు ఉంది. ప్లాను మొదలుపెట్టొచ్చా అన్నది ఒకటి. ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా ఆర్కిటెక్టులు ఈమధ్య సెటిలర్ కలోనియలిజం అంటూ చర్చిస్తున్నారు కదా, అది మన గోదావరి జిల్లాలకు ఏమైనా అతుకుతుందా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఆ లీజు చెల్లదు. మీరెంత బాగా గీసినా ఆ ప్లాను కింద మీ క్లయింటుకు భూమి లేదు. ఎందుకు లేదో చూస్తే రెండో ప్రశ్నకు జవాబు సగం వచ్చేస్తుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి దాన్ని గట్టిగా బిగించారు. అందరూ 1/70 (1970 నాటి ఒకటో నిబంధన) అనేది దీన్నే. ఏజెన్సీలో, అంటే ఆ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, కొనేవాడు గిరిజనుడో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయితే తప్ప ఆ బదలాయింపు పుట్టుకతోనే చెల్లదు. చాలామంది ఇక్కడిదాకా చదివి ‘మేం కొనడం లేదు కదండీ, లీజే కదా’ అంటారు. బదలాయింపు అంటే ఏమిటో ఆ నిబంధనే చెబుతుంది: తనఖా, లీజు, అమ్మకం, దానం, మారకం, ఇంకే రకమైన లావాదేవీ అయినా సరే. వాటికోసం రాసుకున్న ఒప్పందం కూడా అందులోకే వస్తుంది. వీలునామా, వారసత్వం మాత్రమే బయట. అంటే 33 ఏళ్ల లీజే కాదు, పదకొండు నెలల అగ్రిమెంటు కూడా అంతే. 1978 సవరణతో ఇలాంటివి రిజిస్టర్ చెయ్యకూడదన్నారు, చేసుకున్నవాళ్లకు ఏడాది దాకా జైలు పెట్టారు.

‘రోడ్డు పొడుగునా ఎవరెవరో కట్టేశారు కదా’ అని మీ క్లయింటు తప్పకుండా అంటారు. కట్టినవన్నీ చట్టబద్ధం అయిపోవు. కొన్ని గిరిజనులవే. కొన్ని అటవీ శాఖ, వన సంరక్షణ సమితులు కలిసి నడిపేవి. మిగతావాటిలో ఏది ఎవరిదో, 1/70 కేసులు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఫైలు తెరిస్తేగానీ తేలదు.

ఇక పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది అనే దారి. మన డెల్టా నుంచి పైకి వెళ్లే పెట్టుబడి ఎక్కువగా పట్టుకునేది ఇదే. తెలిసిన గిరిజనుడి పేరున కొనడం. 2016 సవరణ తర్వాత బినామీ చట్టం కింద ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, ఆస్తి జప్తు. గిరిజనుడి భూమిని అక్రమంగా ఆక్రమిస్తే, అతన్ని అందులోంచి వెళ్లగొడితే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ వేరే ఉంది. ఇలాంటి ఏర్పాటు కోసం గీసిన ప్లాను మీద మీ సంతకం, తేదీ ఉంటాయి. విచారణలో అదీ ఒక కాగితమే.

ఇప్పుడు రెండో ప్రశ్నలోకి వద్దాం. సెటిలర్ కలోనియలిజం అంటే ఒక్క ముక్కలో ఇది: వచ్చినవాళ్లు దోచుకుని వెళ్లిపోరు, అక్కడే ఉండిపోతారు. అలా ఉండిపోవడానికి ముందు ఆ భూమిని ఖాళీగా చూపించాలి. ఆ పని తుపాకీ ఒక్కటే చెయ్యలేదు, భూమి కొలిచే గొలుసు కూడా చేసింది. అమెరికాలో 1785 ఆర్డినెన్సు భూమిని ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కోదాన్ని 640 ఎకరాల చొప్పున 36 ముక్కలుగా కోసింది. కోసింది 66 అడుగుల గంటర్ గొలుసుతో. మన పాత ఎఫ్ఎంబీల (సర్వే నంబర్ల కొలతల పటాల) మీద కొలతలు లింకుల్లో ఉంటాయి చూశారా, అదీ అదే గొలుసు. లింకు అంటే 7.92 అంగుళాలు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ముమ్మిడివరంలో మనం సెంట్లలో కొనే ఇంటిస్థలం, అమెరికా మైదానాల్లో పంచిపెట్టిన ఎకరాలు ఒకే కొలబద్ద నుంచి పుట్టాయి.

అడిలైడ్ ఇంకా నేరుగా పనికొచ్చే ఉదాహరణ. 1837లో కల్నల్ విలియం లైట్ అక్కడ 1,042 ఎకరాల ప్లాట్లు కొలిచి చుట్టూ పార్కు వదిలాడు. ప్లానింగ్ క్లాసుల్లో మెచ్చుకుంటూ చూపించే నగరం అది. ఆ నేల కౌర్నా ప్రజలది. వాళ్ల నివాస హక్కును 1836లో బ్రిటిష్ రాజు ఇచ్చిన అధికార పత్రం ఒప్పుకుంది కూడా. ప్లాట్లు మాత్రం వాళ్లను అడక్కుండానే అమ్ముడైపోయాయి. 1858లో అదే దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ కొత్త హక్కు పద్ధతి తెచ్చాడు: రిజిస్టర్లో పేరు పడితే అదే హక్కు, వెనక చరిత్ర తవ్వక్కర్లేదు. కౌర్నా వాళ్ల సంగతంతా రిజిస్టరుకు ముందుది, కాబట్టి లెక్కలోకే రాలేదు. ఆ భూములు వలసకు ముందు ఎవరివీ కావనే వాదాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు మాబో కేసులో కొట్టేసేసరికి 1992 వచ్చింది. మన రాష్ట్రంలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద జరిగిన గొడవ, 2024లో దాని రద్దు గుర్తుండే ఉంటాయి. ఆ చట్టం వేళ్లూ ఈ టోరెన్స్ పద్ధతిలోనే ఉన్నాయి.

1/70 దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. టోరెన్స్ చరిత్రను కోసేస్తే, ఇది కేసును చరిత్రతోనే మొదలుపెడుతుంది. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. నిబంధనలోని ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా ఉందని, ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. అందుకే విదేశీ సిద్ధాంతాన్ని యథాతథంగా తెచ్చి మన మీద పెడితే కుదరదంటాను. అక్కడ చట్టం మొదట వలసదారుడి పక్షాన నిలబడింది. ఇక్కడ 1917 ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం నాటి నుంచీ రాత గిరిజనుడి పక్షానే ఉంది, అమలే అటూ ఇటూ జారుతోంది.

అయితే పని జరిగే తీరు మాత్రం బాగా కలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువ నీళ్లతో డెల్టాలో మిగులు పుట్టింది. ఆ మిగులు అప్పుగా, పొగాకు కౌలుగా, కలప కాంట్రాక్టుగా ఎగువకు నడిచింది. మండువా లోగిళ్లను చూసి మనం మురిసిపోతాం కదా, వాటి స్తంభాలకు, దూలాలకు బర్మా టేకుతో పాటు గోదావరి మీద తెప్పలుగా దిగిన మన్యం కలప కూడా వాడారు. రాజమండ్రి కాగితం మిల్లు ఆ అడవుల వెదురు మీద పెరిగింది. డెల్టా కట్టడాల చరిత్ర రాసేవాళ్లు కలప ఏ కొండ దిగిందో రాయరు. మీకు థీసిస్ రాసే ఆలోచన ఉంటే అక్కడే బోలెడు పని ఉంది.

కొండపోడు సంగతి ఇంకా సూక్ష్మం. పోడులో ఒక వాలును కొన్నేళ్లు సాగుచేసి, వదిలేసి, మళ్లీ తిరిగొస్తారు. సర్వే చేసే రోజు నాగలి పడిన చెక్కే సర్వేయరు కంటికి భూమి. బీడు వదిలిన వాలు అడవి కింద పడుతుంది, లేకపోతే ప్రభుత్వ భూమి కింద. ఏజెన్సీలో ముఠాల (ముఠాదారుల చేతిలో ఉండే ఊళ్ల గుంపుల) రద్దు 1969లో, రైత్వారీ సెటిల్మెంటు నిబంధన 1970లో వచ్చాయి. అంటే చాలా ఊళ్ల మొదటి పక్కా రికార్డుకు వయసు మీ నాన్నగారి వయసంత. అందులో ‘ఖాళీ’ అని ఉంటే ఎవరూ వాడలేదని అనుకోకండి.

ఇక చెయ్యాల్సిన పని. క్లయింటు ఎవరైనా సరే, ఏజెన్సీలో సైటు వచ్చిందంటే స్కెచ్ పుస్తకం తెరవకముందు ఈ వరసలో వెళ్లండి.

ముందు రెవెన్యూ గ్రామం పేరు. షెడ్యూల్డ్ ప్రాంతం అన్నది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం. మండలం పేరు చూసి తేల్చెయ్యకూడదు. పోలవరం లాంటి మండలాల్లో కొన్ని ఊళ్లు లోపల, కొన్ని బయట. జనం పిలిచే గూడెం పేరు వేరు, రెవెన్యూ గ్రామం పేరు వేరు కావచ్చు. ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

తర్వాత రికార్డులు. ప్రభుత్వ మీభూమి సైట్లో 1-బీ (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు, అనుభవం రికార్డు) తీస్తే చాలనుకోకండి. తహసీల్దార్ ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (సర్వే సెటిల్మెంటు రిజిస్టరు), సెటిల్మెంటు పట్టా నకలు, ఎఫ్ఎంబీ తీయించండి. అడంగల్లో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వేరువేరుగా ఉంటే అక్కడ ఆగాలి. ఆ తేడా ఏ సంవత్సరం నుంచి మొదలైందో పాత అడంగళ్లు వెనక్కి తిప్పి చూడండి. అనుభవదారు గిరిజనేతరుడైతే అది దాదాపు ఎల్టీఆర్ (1/70 భూ బదలాయింపు) కేసే.

ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) గురించి ఒక హెచ్చరిక. డెల్టాలో ఈసీ ఖాళీగా వస్తే భూమి శుభ్రంగా ఉందంటాం. ఏజెన్సీలో ఖాళీ ఈసీకి ఆ అర్థం లేదు. రిజిస్ట్రేషనే నిషేధం కాబట్టి చేతులు మారినవన్నీ తెల్లకాగితం మీద, వంద రూపాయల స్టాంపు మీద, నోటరీ మీద నడిచాయి. అవేవీ ఈసీలో కనబడవు. దానికి బదులు రంపచోడవరం వైపు సైటైతే అక్కడి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (గిరిజన సంక్షేమం) కోర్టులో, పశ్చిమ ఏజెన్సీ అయితే కోట రామచంద్రపురంలో, ఆ సర్వే నంబరు మీద ఎల్టీఆర్ కేసు నడిచిందా, ఉత్తర్వు వచ్చిందా, ఏజెంటు (ఏజెన్సీకి ప్రభుత్వ ఏజెంటుగా ఉండే కలెక్టర్) దగ్గర అప్పీలు ఉందా అని లిఖితంగా అడగండి. ఉత్తర్వు గిరిజనుడికి అనుకూలంగా వచ్చి, భూమి అప్పగింత మాత్రం జరగని కేసులు ఉంటాయి. అలాంటి చెక్కలో కట్టడం మొదలుపెడితే మీరు ఆ ఉత్తర్వు మీదే కాంక్రీటు పోసినట్టు.

పట్టా ఏ రకందో చూడండి. రైత్వారీ పట్టా, డీ-ఫారం పట్టా, అటవీ హక్కుల పట్టా మూడూ ఒకటి కావు. డీ-ఫారం అసైన్డ్ భూమి, దానికి 1977 చట్టం వేరే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది వారసత్వంగా దిగుతుంది గానీ అమ్మడానికి, బదలాయించడానికి కుదరదు. గరిష్ఠం నాలుగు హెక్టార్లు, దంపతులైతే ఇద్దరి పేరునా ఉండాలి. నివాసానికి, బతుకు కోసం సాగుకు ఇచ్చిన హక్కు అది. ఆ చెక్కలో యజమానే రిసార్టు కట్టుకుంటానన్నా ముందుకు వెళ్లకపోవడం మేలు. రిజర్వు ఫారెస్టు గీత పక్కనే ఉంటే అటవీ సిబ్బందితో కలిసి హద్దు రాళ్లు చూసుకోండి, ఫోన్ జీపీఎస్‌ను నమ్ముకోవద్దు. దట్టమైన చెట్ల కింద అది కొన్ని మీటర్లు తేలిగ్గా తప్పుతుంది.

పంచాయతీ ప్లాను అనుమతి, ఇంటిపన్ను రసీదు, కరెంటు సర్వీసు ఇవేవీ హక్కు ఇవ్వవు. ఆక్రమణదారులు కోర్టులో ముందు పెట్టేవి మాత్రం ఇవే. శ్లాబు పడిందంటే ఖాళీ చేయించడం కష్టమవుతుందని అందరికీ తెలుసు, అందుకే శ్లాబుకు అంత తొందరపడతారు. ఈ వ్యవహారంలో మన వృత్తి చేసే అసలు పని ఇది. నీడకో అందానికో అనుకుని మనం గీసే కట్టడం అక్కడ స్వాధీనానికి సాక్ష్యంగా నిలబడుతుంది.

కాగితాలన్నీ సరిగ్గా ఉండి, యజమాని గిరిజనుడే అయి, అతనే కట్టుకుంటున్నాడనుకోండి. అప్పుడు గ్రామసభ. పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చేది) 1996ది, మన రాష్ట్ర నియమాలు 2011వి. తీర్మానం కాగితం ఒక్కటే తెచ్చుకుని సంతృప్తి పడకండి. ఊరివాళ్లతో సైటు మొత్తం నడవండి. వాగుకు, చెలమకు వెళ్లే కాలిబాట, పశువుల దారి, కొండదేవర చోటు, కోయ ఊళ్లలో అయితే చనిపోయినవాళ్లకు నిలబెట్టిన రాళ్లు, కల్లు గీసే జీలుగు చెట్లు ఎవరివో, ఏ చింతచెట్టు కాయ ఏ ఇంటికి పోతుందో. ఇవేవీ ఎఫ్ఎంబీలో ఉండవు. వాటిని సర్వే షీటు మీద ఎక్కించాక మిగిలిన చోటే మీ సైటు. రెండెకరాల్లో చాలాసార్లు ఒక మూల, ఒక దిబ్బ మిగులుతాయి. ఎనిమిది కాటేజీలు మూడవుతాయి, అవ్వనివ్వండి.

కాంపౌండు గోడ వెయ్యొద్దు. ఏజెన్సీ రిసార్టుల మీద వచ్చే తగువుల్లో మొదటిది దారి, రెండోది నీళ్లు. బోరు లోతుగా వేస్తే కింద ఊట ఎండే ప్రమాదం ఉంది. వేసవిలో చెలమ మట్టం ఎంత ఉంటుందో చూడకుండా వాడకం లెక్క కట్టకండి. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంత తాగునీటి చోటుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని ఐఎస్ 2470 అంటుంది. పగుళ్ల రాయి మీద, వాలులో ఆ దూరం చాలదు. చెలమ కన్నా దిగువకు తీసుకెళ్లండి.

వెదురు వాడతారుగా. అడవి వెదురు ఇప్పుడు చిన్నతరహా అటవీ ఉత్పత్తి కిందికి వస్తుంది, హక్కుదారులు ఊరివాళ్లు. రవాణా పర్మిటుతో గ్రామసభ నుంచే కొనండి, డిపో దళారీ నుంచి వద్దు. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగు, వానలు వెళ్లాక నరికింది తీసుకోండి. లేత బొంగుకు, వానాకాలం బొంగుకు పుచ్చు పడితే ఏడాదిలో పిండి రాలుతుంది. వంద లీటర్ల నీళ్లకు వెలిగారం 3 కిలోలు, బోరిక్ యాసిడ్ 2 కిలోలు కలిపి, కణుపులు లోపల పొడిచి, వారం నుంచి పది రోజులు నానబెట్టాలి. ఈ మందు వానకు కరిగిపోతుంది కాబట్టి చూరు కనీసం 900 మిల్లీమీటర్లు బయటికి రావాలి, అరుగు 450 మిల్లీమీటర్లు లేవాలి. తడిక గోడ, మట్టి పూత ఊరివాళ్లకు మనకన్నా బాగా తెలుసు. ఆ పనికి మేస్త్రీ రేటు ఇవ్వండి, కూలీ రేటు కాదు.

పోలవరం నిర్వాసితుల కాలనీల గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే ఈ విషయంలో మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద కట్టడం పని అదే. దాదాపు లక్ష కుటుంబాలను కదిపే ప్రాజెక్టు అది. ఒక ఇంటిస్థలం ఐదు సెంట్లనుకోండి, అంటే 242 గజాలు. అందులో ఇల్లు వేశాక నాలుగు పశువులకు కప్పున్న కొట్టానికే సుమారు 15 చదరపు మీటర్లు కావాలి. ఇప్పపువ్వు, చింతపండు ఆరబెట్టే నేల, కోళ్ల గూడు, పెరటి చెట్టు వేరే. గ్రిడ్డు గీసి మధ్యలో పెట్టిన ఇల్లు నాలుగు పక్కలా పనికిరాని సందులు మిగులుస్తుంది. ఇంటిని ఒక హద్దుకు జరిపితే పెరడు ఒకే ముక్కగా వస్తుంది. ఖర్చు పెరగదు, గీసేవాడు ఒక మాట అడగాలంతే. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ గిరిజనులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఒకే చోట స్థిరపరచాలంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతం బయటికి తరలించినా ఆ చట్టం కింది రక్షణలు వెంట వస్తాయని 42వ సెక్షన్. లేఅవుట్ చేసేవాళ్లు ఈ రెండూ బల్ల మీద పెట్టుకుని పని చెయ్యాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కెనడాలోని వాంకూవర్లో ఉంది. సెనాక్వ్ అనే స్క్వామిష్ (అక్కడి ఆదివాసులు) ఊరిని 1913లో ఖాళీ చేయించి, జనాన్ని బల్లకట్టు ఎక్కించి పంపేశారు. ఆ భూమిలో పదిన్నర ఎకరాలు కోర్టుల ద్వారా వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ స్క్వామిష్ నేషనే అక్కడ ఆరువేల దాకా అద్దె ఇళ్లు కడుతోంది, 2022లో పని మొదలైంది. రిజర్వు భూమి కాబట్టి నగరపాలక జోనింగు దానికి వర్తించదు. టవర్లు మరీ ఎత్తుగా ఉన్నాయని చుట్టుపక్కలవాళ్లు గొణిగారు. ఎత్తు సంగతి ఎలా ఉన్నా, నిర్ణయం ఎవరిదన్నది అక్కడ తేలిపోయింది.

మీ క్లయింటుతో ఏమనాలి? ఆయనకు నిజంగా అక్కడ వ్యాపారం కావాలంటే భూమి, కట్టడం, తాళంచెవి మూడూ ఆ రైతువో, గిరిజనుల సహకార సంఘానివో అయ్యుండాలి. కట్టడానికి అప్పు బ్యాంకు నుంచి రావచ్చు. స్వాధీనం ఇవ్వని తనఖా ఆమోదిత బ్యాంకులకు, సహకార సంఘాలకు పెట్టుకునే వీలు 1/70లోనే ఉంది. అప్పు తీరకపోతే వేలంలో మళ్లీ గిరిజనులకే అమ్మాలి. క్లయింటు తనే వడ్డీకి ఇస్తానంటే ఏజెన్సీ వడ్డీ వ్యాపారుల నిబంధన 1960ది అడ్డొస్తుంది, లైసెన్సు కావాలి. ఆయన చెయ్యగలిగింది బుకింగు, ప్రచారం, శిక్షణ లాంటి సేవ, దానికి ఫీజు. ఆ ఒప్పందంలో ‘స్వాధీనం’, ‘నిర్వహణ పూర్తి హక్కు’, ‘ఫలానా ఏళ్ల వరకు ఖాళీ చేయించరాదు’ అనే మాటలు వస్తే పేరు ఏదైనా కోర్టు దాన్ని లీజుగానే చదివే అవకాశం ఎక్కువ. అవి లేకుండా, యజమాని ముప్పై రోజుల నోటీసుతో మానుకోగలిగేలా రాయించండి. ఈ షరతులకు క్లయింటు ఒప్పుకోకపోతే పని వదులుకోండి. ఒప్పుకుంటే మీ అపాయింట్‌మెంట్ లెటర్ రాయాల్సింది ఆ కొండరెడ్డి రైతు, ఫీజు బిల్లు వెళ్లాల్సింది అతని పేరు మీద, ప్లానుపై యజమాని గడిలో సంతకం అతనిది. తెలుగులో రాసి, చదివి వినిపించి, అతనికో కాపీ ఇచ్చాకే సైటు కొలతలకు వెళ్లండి.